మూగజీవుల సాక్ష్యం

తెలుగులో పశుపక్ష్యాదులను మూగజీవులు అంటాము. ఉర్దూలో బేజుబాన్ అంటారు. నాలుక లేనివి, అనగా తమ గోడు తాము చెప్పుకోలేనివి అని భావం. రెండు భాషలూ ఇరుగుపొరుగుగా పెరిగిన ఈ నగరంలో ఈ ఒక్క విషయంలో రెండింటి అభిప్రాయమూ ఒకటే. అయితే గడచిన తొంభై ఏండ్ల విజ్ఞానశాస్త్రం ఈ అభిప్రాయాన్ని కొంత సవరించినది. మూగజీవికి మాట లేకపోవచ్చును గాని సాక్ష్యం ఉన్నది. అది దాని నెత్తురులో, గ్రంథుల బరువులో, తినే తిండిలో, పడుకునే నిద్రలో, తిరిగే తీరులో ఉన్నది. చదవనేర్చిన వారికి అది స్పష్టంగానే కనబడుతుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునే వానికి ఎలుకల ప్రసక్తి ఎందుకని విద్యార్థులు అడగవచ్చును. అందుకు రెండు కారణాలున్నవి. ఒకటి పాత జ్ఞాపకం, రెండవది ఈ మధ్య తగిలిన నొప్పి.

ఇంటర్మీడియేట్‌లో నేను జీవశాస్త్రం చదివిన వాడిని. ఆ కళాశాల ప్రయోగశాల వెనుక వసారాలో ఇనుప బోనులో రెండు తెల్ల కుందేళ్ళుండేవి. బోనుకు పక్కనే జనరేటరు. కరెంటు పోయినప్పుడల్లా అది ఒక్కసారిగా గర్జించేది. కొన్నాళ్ళకు అందులో ఒక కుందేలు తన రొమ్ము మీది బొచ్చును తానే పళ్ళతో పీకుకోసాగినది. జబ్బు అనుకొని మందు పూశారు, తగ్గలేదు. మేమందరమూ చాచా అని పిలిచే ముసలి అటెండరు ఎవరినీ అడగకుండా ఒకనాడు ఆ బోనును వేపచెట్టు కిందికి జరిపినాడు. నెల తిరిగేసరికి బొచ్చు మొలచినది. ఒక్క కుందేలు బొచ్చు శాస్త్రానికి రుజువు కాదని నాకు తెలుసు. కాని చుట్టూ ఉన్న పరిసరం ప్రాణి మనస్సులోకి కూడా ప్రవేశిస్తుందనే ఊహ నాకు మొదట ఆ వసారాలోనే కలిగినది.

రెండవ కారణం తరువాత చెబుతాను. ముందుగా విషయం.

ప్రయోగశాల జంతువులతో హైదరాబాదుకు ఉన్న సంబంధం చిన్నది కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మూలం 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగం. భారతదేశంలోని వేర్వేరు ప్రాంతాల ప్రజలు తినే భోజనాన్ని ఆయన ఎలుకలకు పెట్టి చూచినాడు. ఏ ప్రాంతపు తిండి తిన్న ఎలుక బలిసినది, ఏది చిక్కినది అని తూచి, మన తిండిలోని లోపాలను మనకు చెప్పినాడు. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చినది. ఎలుకలను, చిట్టెలుకలను శాస్త్రీయంగా పెంచి దేశంలోని పరిశోధకులకు అందించే కేంద్రం కూడా అక్కడే నెలకొన్నది. హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉన్నది. 2022లో జీనోమ్ వ్యాలీలో ప్రయోగ జంతువుల కొరకై జాతీయ స్థాయి కేంద్రం ఒకటి ప్రారంభమైనది. మన ఇండ్లలోని మందు బిళ్ళలలో, టీకాలలో ఎన్నో మొదట ఒక తెల్ల ఎలుక శరీరాన్ని దాటి వచ్చినవే. ఆ ఎలుక ఎటువంటి గదిలో బ్రతికినదో తెలుసుకొనవలసిన బాధ్యత మనకు లేదని అనలేము.

ఈ శాస్త్రానికి ఆద్యుడు హాన్స్ సెల్యీ. ఆయన 1907లో వియన్నాలో జన్మించి, కెనడాలోని మాంట్రియల్ నగరంలో పరిశోధన చేసిన వైద్యుడు. ఎలుకలకు ఒక గ్రంథిసారాన్ని సూదితో ఎక్కించి, దాని గుణం తెలుసుకోగోరినాడు. ఎలుకలను కోసి చూడగా మూడు మార్పులు కనబడినవి. మూత్రపిండాల పైనుండే ఎడ్రినల్ గ్రంథులు ఉబ్బినవి. రోగాలను ఎదిరించడానికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోయినది. కడుపులో పుండ్లు పడినవి. కొత్త హార్మోను దొరికినదని ఆయన సంతోషించినాడు. తరువాత వేరే పదార్థాలు ఎక్కించినా అవే మూడు మార్పులు. చలిలో ఉంచినా, గాయపరచినా, అలసిపోయేదాకా పరుగెత్తించినా అవే మార్పులు. సారంలో విశేషమేమీ లేదు. బాధ ఏ రూపంలో వచ్చినా దేహం ఒకే భాషలో జవాబు చెబుతున్నది. 1936లో ఈ సంగతిని నేచర్ పత్రికలో ఒక పుటకు మించని లేఖగా ప్రకటించినాడు. నేడు మనమందరమూ వాడే 'ఒత్తిడి' అనే మాటకు శాస్త్రార్థం ఏర్పడినది ఆ మార్గాననే.

దేహం సంగతి సరే, మనస్సు సంగతి ఏమిటి? ఎలుక దిగులుగా ఉన్నదని ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చూపిన జవాబులలో నాకు మిక్కిలి నచ్చినది చక్కెర నీళ్ళ పరీక్ష. ఎలుక ముందు రెండు సీసాలుంచుతారు. ఒకదానిలో మంచినీరు, మరొకదానిలో కొంచెం తీపి నీరు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక తీపి నీటి వైపే పోతుంది. 1987లో లండన్‌లో పాల్ విల్నర్, ఆయన తోటివారు కొన్ని ఎలుకలను వారాల తరబడి చిన్నచిన్న చిరాకులకు గురిచేసినారు. ఒకరోజు బోనును ఏటవాలుగా ఉంచడం, ఒకరోజు పడక పొట్టును తడిపి వదలడం, ఒక రాత్రి దీపం ఆర్పకపోవడం, ఒకరోజు తెలియని ఎలుకను తెచ్చి పక్కన పెట్టడం. వీటిలో ఏ ఒక్కటీ ఘోరమైన హింస కాదు. అయినా కొన్ని వారాలకు ఎలుకలకు తీపి మీద మక్కువ తగ్గినది. మనుషులలో దిగులు జబ్బుకు వాడే మందు ఇచ్చిన పిమ్మట ఆ మక్కువ తిరిగి వచ్చినది.

ఇందులోని నీతిని విద్యార్థులు గమనించాలి. మనస్సును విరచడానికి పిడుగు పడనక్కరలేదు. ఎప్పుడు ఏది వస్తుందో తెలియని చిన్న చిరాకులు, విడువకుండా వస్తే చాలును. మనిషి అయితే ఏమీ తోచడం లేదు, ఏదీ రుచించడం లేదు అంటాడు. ఎలుక ఆ మాట అనలేదు. తీపి సీసా వైపు పోవడం మానుకున్నది. 'రుచించడం లేదు' అనే మన నుడికారంలో ఎంత నిజమున్నదో భాష చెప్పే నాకు ఆ పరీక్ష చదివిన తరువాతనే తెలిసివచ్చినది. అయినా ఎలుక దిగులు, మనిషి దిగులు ఒకటేనని నిశ్చయించడానికి వీలులేదు. ఎలుక ఏమి చేసినదో చూడగలము గాని దాని లోపలి అనుభవాన్ని చూడలేము. సాక్ష్యం వేరు, తీర్పు వేరు.

ఇక పరిసరమంటే ఏమిటి? మనకు ప్రశాంతంగా కనిపించే గది ఎలుకకు ప్రశాంతం కాకపోవచ్చును. మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు వినగలదు. ఎలుక చెవి సుమారు 80,000 వరకు వింటుంది. మనకు వినబడని యంత్రాల కూత దానికి వినబడుతుంది. ఎలుక రాత్రించరి, తెల్ల ఎలుక కంటిలో రంగు లేదు కనుక ఎడతెగని వెలుతురు దాని కంటి పొరను చెరుపుతుంది. చిట్టెలుక దేహానికి సుమారు 30 డిగ్రీల వెచ్చదనం హితవు. పని చేసే మనుషుల సుఖం కొరకు ప్రయోగశాలను అంతకంటె చల్లగా ఉంచుతారు. గూడు కట్టుకోవడానికి కాగితపు పీలికలు కూడా ఇవ్వకపోతే అది చలికి ఓర్చుకొని బ్రతుకుతుంది, అంతే. బోను మార్చినా, గదిలోకి కొత్త మనిషి వచ్చినా దాని గుండె వేగం పెరుగుతుంది.

కొత్త మనిషి సంగతి విచిత్రమైనది. 2014లో మాంట్రియల్‌లో జెఫ్రీ మోగిల్ బృందం కనుగొన్నదేమనగా, పరిశోధకుడు పురుషుడైనప్పుడు ఎలుకలు, చిట్టెలుకలు నొప్పిని తక్కువగా కనబరుస్తున్నవి. భయం వలన కలిగిన ఒత్తిడి నొప్పిని అణచివేయడం చేత. మనిషి లేకున్నా పురుషుడు తొడిగి విప్పిన చొక్కా దగ్గర ఉంటే చాలును, ఆ వాసనకే అవి బిగుసుకుపోతున్నవి. నొప్పి మందులను పరీక్షించిన ఎన్ని ప్రయోగాలలో ఈ భయం లెక్కలోకి రాకుండా కలిసిపోయినదో ఊహించవచ్చును.

ఇంతకంటె కలవరపరచిన ప్రయోగం 1999లో ప్రకటితమైనది. అమెరికాలో రెండు, కెనడాలో ఒకటి, మొత్తం మూడు ప్రయోగశాలలలో జాన్ క్రాబ్, ఆయన సహచరులు ఒకే వంశాలకు చెందిన చిట్టెలుకలను, ఒకే వయస్సులో, ఒకే తిండితో, ఒకే రకం పరికరాలతో, ఒకే రోజున పరీక్షించినారు. మానవ సాధ్యమైనంత వరకు అన్నీ సమానం చేసినారు. అయినా కొన్ని ప్రవర్తనలలో మూడు చోట్లా మూడు రకాల ఫలితాలు వచ్చినవి. గది తన వేలిముద్రను ఎలుక మీద వేసినది.

కనుక జంతువును దయతో ఉంచడం వేరు, శాస్త్రం సరిగా సాగడం వేరు అనుకునేవారు పొరబడుతున్నారు. భయపడిన ఎలుక తప్పు సాక్ష్యం చెబుతుంది. న్యాయస్థానంలో బెదిరించి పలికించిన సాక్ష్యానికి విలువ ఎంతో, బెదిరిన జంతువు నుండి రాబట్టిన ఫలితానికీ విలువ అంతే. 1959లోనే రసెల్, బర్చ్ అను ఇద్దరు ఆంగ్ల శాస్త్రజ్ఞులు మూడు నియమాలు చెప్పినారు. జంతువు లేకుండా జరిగే పనికి జంతువును వాడరాదు. వాడక తప్పకపోతే తక్కువ సంఖ్యలో వాడాలి. వాడిన వాటికి బాధ తగ్గించాలి. మన దేశంలో జంతు హింసా నివారణ చట్టం 1960లో వచ్చినది. ప్రయోగాల పర్యవేక్షణకు నియమాలు 1998లో వచ్చినవి. 2014లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం డిగ్రీ తరగతులలో జంతువుల కోతను మాన్పించింది. నగరంలోనే అత్తాపూరులో, అంతరించిపోతున్న జంతువుల సంరక్షణ కొరకు సి.సి.ఎం.బి. నెలకొల్పిన ప్రయోగశాల ఉన్నది. అక్కడివారు అడవి జంతువును పట్టకుండా, సూది గుచ్చకుండా, అది విడిచిన పేడను పరీక్షించి అందులోని ఒత్తిడి హార్మోనులను కొలుస్తారు. ఏనుగును తాకకుండా ఏనుగు మనస్తాపాన్ని అంచనా వేస్తారు. మూగదాని మాట వినడానికి ఇంతకంటె మర్యాదైన పద్ధతి లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు నా రెండవ కారణం. కొంతకాలం క్రిందట నగరాభివృద్ధిని గురించిన ఒక సభకు వెళ్ళినాను. వేదిక మీది పెద్దమనిషి ఒకాయన ఎలుకల కథ చెప్పినాడు. కొట్టంలో ఎలుకలు కిక్కిరిసిపోతే అవి ఒకదానినొకటి కరచుకుంటవి, తల్లులు పిల్లలను వదలివేస్తవి, చివరకు జాతి నశిస్తుంది అన్నాడు. మన బస్తీలలో జరుగుతున్నది ఇదేనన్నాడు. ఉదాహరణకు ఆయన చెప్పిన పేర్లలో బోరబండ ఉన్నది. సభలో కొందరు నవ్వినారు. నేను బోరబండలో ఉంటాను. ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉన్నది.

ఆయన చెప్పిన ప్రయోగం నిజమైనదే. జాన్ కాల్హూన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1962లో దానిని ప్రకటించినాడు. ఆ తరువాత 1968లో ఎనిమిది చిట్టెలుకలతో మరొక కొట్టం మొదలుపెట్టినాడు. తిండికి, నీటికి కొరత లేదు. పిల్లి భయం లేదు. అవి సుమారు 2,200 వరకు పెరిగి, ఆ పిమ్మట పిల్లలను పెంచడం మానుకొని, క్రమంగా నశించినవి. ఇంతవరకు వక్త చెప్పినది సత్యమే. ఆయన చెప్పనిదేమిటో చూడండి.

మొదటి ప్రయోగంలో కొట్టం నాలుగు గదులుగా ఉండేది. గదుల మధ్య వంతెనలు ఉండేవి గాని, ఒక చివరి గది నుండి రెండవ చివరి గదికి నేరుగా దారి లేదు. అందుచేత చివరి గదులకు రాకపోకల దారి ఒక్కటే. బలమైన మగ ఎలుక ఒకటి ఆ దారికి అడ్డంగా పడుకొని మిగతా మగ ఎలుకలను రానీయలేదు. మిగిలినవన్నీ నడిమి రెండు గదులలో ఇరుక్కున్నవి. తిండి తొట్టెలో ఆహారం తొందరగా ఊడివచ్చేది కాదు. ఎక్కువసేపు కొరకవలసి ఉండేది కనుక అన్నీ ఒకే తొట్టె వద్ద గుమికూడినవి. తల్లులు పిల్లలను వదలివేసినదీ, కరుచుకున్నదీ ఎక్కువగా ఆ నడిమి గదులలోనే. అదే కొట్టంలో, అదే కాలంలో, చివరి గదులలోని తల్లులు పిల్లలను చక్కగా సాకుకున్నవి. అనగా ఆ ఊబిని చేసినది ఎలుకల సంఖ్య మాత్రమే కాదు. కొట్టం కట్టిన తీరు, దారి మూసిన బలవంతుడు కూడా. వక్త నడిమి గదుల ఎలుకలను గురించి చెప్పినాడు. చివరి గదులలో విశాలంగా పడుకున్న వాటి సంగతి చెప్పలేదు.

మరి మనుషుల మాట? 1975లో జోనాథన్ ఫ్రీడ్‌మన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇరుకును గురించి ఒక గ్రంథమే రచించినాడు. మనుషులు దగ్గర దగ్గరగా ఉండడం దానంతటదే చెడు కాదనీ, అప్పటికే ఉన్న స్నేహాన్నిగాని వైరాన్నిగాని అది పెంచుతుందనీ ఆయన వాదం. మా వీధిలో నాకు కనబడేది కూడా అదే. గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇండ్లలో ఒక ఇంటి తల్లి మాధాపూరులో పనికి వెళితే ఆమె బిడ్డకు పక్కింటి ఖాలా అన్నం పెడుతుంది. ఎదురింటి వదినెకు జ్వరం వస్తే నీళ్ళ బిందె మరొకరు నింపుతారు. ఎలుకల కొట్టానికి వాకిలి లేదు. బస్తీకి వాకిలి ఉన్నది. ఎలుకలు తమ కొట్టాన్ని మార్చుకోలేవు; మనుషులు అర్జీ పెట్టుకోగలరు, సంఘం పెట్టుకోగలరు, బడి కట్టుకోగలరు. మూగజీవి చెప్పిన సాక్ష్యాన్ని సగం విని, దానిని పేదవాని మీద నేరంగా మోపడం మూగజీవికీ అన్యాయమే, పేదవానికీ అన్యాయమే.

అయితే ఆత్మాభిమానం కొరకు నిజాన్ని దాచరాదు. ఇరుకు దానంతటదే చెడు కాకపోవచ్చును గాని, చప్పుడు చెడుదే. 1975లో న్యూయార్కు నగరంలో అర్లీన్ బ్రాన్జాఫ్ట్ అను పరిశోధకురాలు ఒక బడిని పరిశీలించినది. ఆ బడికి ఒకవైపు వంతెన మీద రైలు పోతుంది. రైలు వైపు గదులలో కూర్చున్న ఆరవ తరగతి పిల్లలు చదవడంలో నిశ్శబ్దమైన వైపు పిల్లలకంటె సుమారు ఒక ఏడాది వెనుకబడి ఉన్నారు. పిల్లలు ఒకే పేటవారు, గురువులు ఒకే బడివారు. భేదం గోడకు ఇటూ అటూ మాత్రమే. ఆమె నివేదిక చూచిన మీదట రైలు పట్టాల కింద రబ్బరు దిమ్మలు వేసినారు. తరగతుల పైకప్పుకు చప్పుడు పీల్చే పలకలు బిగించినారు. 1981లో మరల పరీక్షిస్తే రెండు వైపుల పిల్లలూ సమానంగా చదువుతున్నారు. వెనుకబాటు పిల్లల తెలివిలో లేదు, గోడలో ఉన్నది.

ఇంకొక ప్రయోగం కూడా చెప్పి మన సంగతికి వస్తాను. 1970ల ప్రారంభంలో జే వైస్ న్యూయార్కులో రెండు ఎలుకలకు ఒకే క్షణంలో, ఒకే మోతాదులో తోకకు కరెంటు తగిలేట్లు ఏర్పాటు చేసినాడు. మొదటి ఎలుక ముందున్న చక్రాన్ని తిప్పితే రెండింటికీ కరెంటు ఆగుతుంది. రెండవ దాని చేతిలో ఏమీ లేదు. రెండింటికీ తగిలిన బాధ సరిసమానం. కాని కడుపులో పుండ్లు ఎక్కువగా పడినవి రెండవ ఎలుకకు. మరొక విడత కొన్ని ఎలుకలకు కరెంటుకు ముందు గంట మ్రోగించినాడు, కొన్నిటికి మ్రోగించలేదు. గంట విన్న వాటికి పుండ్లు తక్కువ. బాధ కంటె, బాధ ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమూ, వచ్చినప్పుడు చేయగలిగినదేమీ లేకపోవడమూ ఎక్కువ చేటు చేస్తవి.

2020 అక్టోబరులో బోరబండవారికి ఇది స్వయంగా అనుభవమైనది. భూమి లోపలి నుండి పెద్ద చప్పుళ్ళు, సన్నని కంపనాలు వచ్చినవి. భీతిల్లి ప్రజలు పిల్లలతో వీధులలోకి వచ్చినారు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు వచ్చి పరికరాలు అమర్చి, ఇవి చాలా చిన్న కంపనాలు, భయపడనక్కరలేదు అని చెప్పిన తరువాత గాని నెమ్మది కలుగలేదు. చప్పుడు అదే, కాని దానికి పేరు, కారణం తెలిసిన తరువాత నిద్ర పట్టినది.

గత సంవత్సరం ద్వితీయ సంవత్సరం విద్యార్థులకు 'నేను చదువుకునే చోటు' అని వ్యాసం ఇచ్చినాను. ఒక విద్యార్థి తాను సాయంత్రాలు బోరబండ రైలు స్టేషను బల్ల మీద కూర్చుని చదువుతానని వ్రాసినాడు. ఆశ్చర్యపడి, రైళ్ళ చప్పుడులో చదువు ఎట్లా సాగుతుంది అని అడిగినాను. "సార్, అక్కడ రైలు వచ్చే ముందు మైకులో చెబుతారు. ఇంటి దగ్గర ఎప్పుడు ఏమి మ్రోగుతుందో తెలియదు" అన్నాడు. జే వైస్ గ్రంథాలు చదవకుండానే ఆ కుర్రవాడు ఆయన ప్రయోగ సారాన్ని ఒక్క వాక్యంలో చెప్పినాడు. నేను మరి మాట్లాడలేకపోయినాను.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు ఈ పత్రిక ద్వారా సవినయంగా మూడు విన్నపాలు చేస్తున్నాను.

మొదటిది, మన గ్రంథాలయం సాయంత్రం నాలుగున్నరకు మూతపడుతున్నది. దానిని రాత్రి తొమ్మిది గంటల వరకు చదువు గదిగా తెరచి ఉంచవలెను. రాత్రి ఉండలేని విద్యార్థినుల కొరకు ఉదయం ఏడు గంటలకే తెరవవలెను. గది ఉన్నది, బల్లలు ఉన్నవి. కావలసినది ఒక అటెండరుకు అదనపు భత్యం, కొద్ది కరెంటు ఖర్చు. పర్యవేక్షణకు అధ్యాపకులం వంతులు వేసుకోగలము. మంగళ, గురువారాలు నా వంతుగా ఇప్పుడే వ్రాసి ఇస్తున్నాను.

రెండవది, పరీక్షలు, ఫీజు గడువులు, హాజరు చర్యలు ఏవైనా వారం ముందుగా నోటీసు బోర్డు మీద పెట్టవలెను. రేపు పరీక్ష అని నేడు చెబితే విద్యార్థులలో క్రమశిక్షణ పెరుగుతుందని కొందరు మిత్రుల నమ్మకం. గంట మ్రోగని ఎలుకకు పెరిగినది క్రమశిక్షణ కాదు, పుండు.

మూడవది, తరగతి గదుల కిటికీల కిందనున్న జనరేటరును ప్రహరీ మూలకు మార్చవలెను. ఒక చాచా ఒక బోనును జరిపినంత మాత్రాన ఒక కుందేలుకు బొచ్చు మొలచినది. మన వద్ద ఉన్నవి కుందేళ్ళు కావు.

డబ్బు లేదనే జవాబు వస్తుందని నాకు తెలుసు. మైనారిటీ కళాశాల ఆర్థిక స్థితి నాకు తెలియనిది కాదు. కాని రంగు వేసిన కమాను కంటె వెలుగుతున్న చదువు గది కళాశాలకు ఎక్కువ గౌరవం తెస్తుందని మనవి.

విద్యార్థినీ విద్యార్థులారా! మీకు చెప్పవలసినది ఒకటున్నది. చదువు తలకెక్కని రోజున మీ తెలివిని మీరు తిట్టుకోవద్దు. ముందుగా మీ చుట్టూ చూడండి. మీ నిద్రను, మీ గదిని, మీ చెవిలో పడుతున్న చప్పుడును లెక్కించండి. మార్చగలిగినది కొంచెమైనా మార్చండి. చిన్న చక్రమైనా సరే, తిప్పగలిగిన ఎలుక తిప్పలేని ఎలుక కంటె ఆరోగ్యంగా ఉన్నది. దిగులు వారాల తరబడి వదలకపోతే సిగ్గుపడక పెద్దలకు, వైద్యులకు చెప్పండి. మీకు మాట ఉన్నది. మీరు బేజుబాన్ కారు.

చివరగా ఒక ధర్మసందేహం. దిగులును అర్థం చేసుకోవడానికి ఎలుకను దిగులుపరచవచ్చునా? దీనికి తేలికైన జవాబు లేదు. అవసరం లేని ప్రయోగం పాపమని నేను నమ్ముతాను. అవసరమైనది సైతం ఋణమని నమ్ముతాను. అనూహ్యమైన చిరాకు ప్రాణిని కుంగదీస్తుందని, చప్పుడు చెరుపుతుందని, చేతిలో ఏ ఉపాయమూ లేకపోవడం జబ్బు చేస్తుందని తెలుసుకోవడానికి లెక్కలేనన్ని మూగజీవులు బాధపడినవి. అంత మూల్యం చెల్లించి తెచ్చుకున్న జ్ఞానాన్ని గ్రంథాలలోనే ఉంచి, మన పిల్లలను చప్పుడులో, తెలియనితనంలో వదలివేస్తే ఆ బాధ వ్యర్థం. ఆచరణలో పెట్టినప్పుడు మాత్రమే ఆ ఋణం కొంతైనా తీరుతుంది.

సాక్ష్యం వినబడినది. ఇక నిర్ణయం మాట వచ్చిన వారిది.